ఒకే కనెక్షన్, నాలుగు కంప్యూటర్లు: ఆన్‌లైన్ ఆటల కోసం ఇంటి ఇంటర్నెట్‌ను ఎలా పంచుకోవాలి

సంక్రాంతి మూడు రోజులూ అమలాపురం దగ్గరి మా ఇంట్లో ఒకే ఫైబర్ కనెక్షన్ మీద నాలుగు కంప్యూటర్లు, పదికి పైగా ఫోన్లు పనిచేస్తాయి. హైదరాబాదు నుంచి వచ్చిన మేనల్లుడు, భీమవరం నుంచి వచ్చిన తమ్ముడి కొడుకు, మా అబ్బాయి కలిసి ఒకే ఆట ఆడుతుంటారు. సెలవు దొరకని మా అమ్మాయి పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉంటుంది. కనుమ నాటికి ఎవరో ఒకరు ప్లాను పెంచమని అడగడం ఆనవాయితీ అయింది. రెండేళ్లు ఆ మాట విని ప్లాను పెంచాము. ఆట మధ్యలో బొమ్మ నిలిచిపోవడం మాత్రం తగ్గలేదు. లోపం వేగంలో కాక పంపకంలో ఉందని తెలుసుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది కాబట్టి, అదే తికమకలో ఉన్న ఇతర కుటుంబాలకు పనికివస్తుందని మార్గాలన్నిటినీ ఒకచోట పోల్చి రాస్తున్నాను.

ముందుగా చూడవలసినవి

ఆన్‌లైన్ ఆటకు కావలసిన డేటా చాలా స్వల్పం. ఆడుతున్నంతసేపూ చాలా ఆటలు సెకనుకు 1 మెగాబిట్ కన్నా తక్కువే వాడతాయి కాబట్టి, 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్ల) కనెక్షన్ మీద నలుగురు ఆడుకోవడానికి కావలసినంత చోటు ఉంటుంది. ఆటకు ముఖ్యమైనది పింగ్, అంటే మన కంప్యూటరు పంపిన సమాచారం సర్వరుకు వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. అంతకన్నా ముఖ్యమైనది ఆ పింగ్ నిలకడగా ఉండడం. కాంతి ఫైబర్‌లో సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆట సర్వరు ముంబైలో ఉందనుకుంటే, అమలాపురం నుంచి అక్కడికి గగనమార్గాన దాదాపు 1,000 కిలోమీటర్లు కనుక, వెళ్లిరావడానికి 10 మిల్లీసెకన్లు తప్పనిసరి. తీగలు సూటిగా వెళ్లవు, మధ్యలో ఎన్నో రౌటర్లు దాటాలి కాబట్టి, మా ఇంట్లో అది 35 మిల్లీసెకన్ల దగ్గర నిలుస్తుంది. ఆ భాగాన్ని మనం మార్చలేము. మన చేతిలో ఉన్నది ఆట కంప్యూటరుకూ ఆపరేటరు తీగకూ మధ్య ఉన్న ఆ కొద్ది గజాల దూరమే. నిలిచిపోవడాల్లో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది.

ఎలా పుడుతుందో చెప్పడానికి సఖినేటిపల్లి రేవు కన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు (వాహనాలను దాటించే పడవ) కోసం రేవులో లారీలు బారులు తీరి ఉన్నప్పుడు, చేతిలో ఒక్క సంచీతో సైకిలు మీద వచ్చిన మనిషిని కూడా ఆ లారీల వెనుకే నిలబెడితే, పంటు ఎంత పెద్దదైనా అతనికి ఆలస్యం తప్పదు. ఇంట్లో ఒకరి ఫోను పెళ్లి ఫొటోలను క్లౌడులోకి పంపుతున్నప్పుడు రౌటరులో జరిగేది ఇదే. అప్‌లోడు వేగం 20 ఎంబీపీఎస్ అనుకుంటే, రౌటరు క్యూలో 1 మెగాబైటు (8 మెగాబిట్ల) డేటా పేరుకున్నా అది ఖాళీ కావడానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. ఆట పంపిన చిన్న ప్యాకెట్టు ఆ 400 మిల్లీసెకన్లూ వెనుక నిలబడుతుంది. వేగ పరీక్షలో అంకెలు ఘనంగా కనబడుతూనే ఆట ఆగిపోవడానికి కారణం ఇదే. నిపుణులు దీనిని బఫర్‌బ్లోట్ అంటారు.

మూడవ విషయం చిరునామా. మన ఇంటి పరికరాలన్నీ బయటి ప్రపంచానికి ఒకే చిరునామాతో కనబడతాయి. ఆ మార్పిడిని న్యాట్ అంటారు. చాలామంది ఆపరేటర్లు ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు కలిపి ఇస్తారు. మీ రౌటరు సెట్టింగులలో వ్యాన్ చిరునామా (రౌటరుకు ఆపరేటరు వైపు ఉన్న చిరునామా) 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే మీరు అటువంటి ఉమ్మడి చిరునామా మీద ఉన్నట్లే. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 వంటి ఆటలలో అందరూ కంపెనీ సర్వరుకే కలుస్తారు కనుక దీనివల్ల సాధారణంగా ఇబ్బంది రాదు. మీ కంప్యూటరులోనే మైన్‌క్రాఫ్ట్ సర్వరు పెట్టి స్నేహితులను పిలవాలనుకుంటే మాత్రం బయటివారు లోపలికి రాలేరు. అప్పుడు ఆపరేటరును స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే కేటాయించిన మారని చిరునామా, అడగవలసి ఉంటుంది.

ఇక మిగిలినవి మన ప్రాంతపు సంగతులు: గోడల మందం, కరెంటు కోతలు, పిడుగులు, సముద్రం వైపు ఊళ్లలో ఉప్పు గాలి. పెద్ద నగరాలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చే సలహాలలో ఇవి కనబడవు గాని, డెల్టాలో పరికరాల ఆయుష్షును నిర్ణయించేవి ఇవే.

ఎంపికకు ముందు ఒక చిన్న పరీక్ష

డబ్బు ఖర్చు చేసేముందు పది నిమిషాలు కేటాయించండి. ఆట ఆడే కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఒక కిటికీలో మీ రౌటరు చిరునామాకు (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1), మరొక కిటికీలో 8.8.8.8కు (బయట ఉన్న గూగుల్ సర్వరు) ఆగకుండా పింగ్ పంపండి. ఇంట్లో మరొకరిని పెద్ద వీడియో ఒకటి అప్‌లోడు చేయమనండి. రౌటరుకు వెళ్లే పింగే ఎగిరిపడితే లోపం మీ వై-ఫైలోనో కేబులులోనో ఉంది. రౌటరు పింగ్ నిలకడగా ఉండి బయటి పింగ్ మాత్రం అప్‌లోడు సమయంలో పెరిగితే లోపం క్యూలో ఉంది. ఎవరూ ఏమీ వాడని వేళ కూడా బయటి పింగ్ ఊగుతుంటే అది ఆపరేటరు వైపు సమస్య. ఇంట్లో ఏ పరికరం కొన్నా అది తీరదు. ఈ మూడింటినీ వేరు చేయకుండా కొత్త రౌటరు కొనడం మేము చేసిన మొదటి తప్పు.

మొదటి మార్గం: రౌటరు, స్విచ్, ప్రతి కంప్యూటరుకూ కేబులు

నా తీర్పు ముందే చెబుతాను. కేబులు వేయగలిగిన ఇంట్లో దీనికి సాటి మరొకటి లేదు. కేబులు మీద కంప్యూటరుకూ రౌటరుకూ మధ్య ఆలస్యం 1 మిల్లీసెకనుకు లోపే ఉంటుంది, పైగా పక్కింటి వై-ఫైతో దానికి సంబంధం లేదు. ఆపరేటరు బిగించే ఫైబర్ పెట్టెకు, అంటే ఓఎన్‌టీకి, వెనుక పోర్టులు తక్కువగా ఉంటే ఒక కేబులును అనేక కంప్యూటర్లకు పంచే ఐదు పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్ ఒకటి చేర్చితే సరిపోతుంది. స్విచ్‌కు సెట్టింగులేవీ అవసరం లేదు. ఓఎన్‌టీ పోర్టులన్నీ ఒకే వేగంతో ఉండకపోవచ్చు. కొన్నిటిలో ఒక్కటే గిగాబిట్, మిగిలినవి 100 ఎంబీపీఎస్. స్విచ్‌ను ఆ గిగాబిట్ పోర్టుకే కలపాలి.

క్యాట్ 5ఇ కేబులు 100 మీటర్ల వరకు 1 గిగాబిట్ వేగాన్ని మోస్తుంది, కాబట్టి ఇంటి అవసరానికి అదే చాలు. క్యాట్ 6 ధరలో పెద్ద తేడా లేకపోతే అది తీసుకోవచ్చు. అసలు చూడవలసింది లోపలి లోహం. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక కేబులు బజారులో విరివిగా దొరుకుతుంది. మేము ఒక దుకాణంలో తెలియక అదే కొన్నాము. రెండు వర్షాకాలాలు గడిచేసరికి కనెక్టరు దగ్గర తీగ పెళుసెక్కి విరిగిపోయింది. గిగాబిట్ వేగానికి కేబులులోని నాలుగు జతలూ పనిచేయాలి. ఒక జత దెబ్బతిన్నా లింకు నిశ్శబ్దంగా 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగులలో లింక్ స్పీడ్ 1000 అని కనబడుతున్నదో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి. పూర్తి రాగి కేబులు అని పెట్టె మీద ఉన్నది అడిగి కొనండి. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్లలో కనెక్టర్ల పిన్నులకు చిలుము పడుతుంది కనుక ఏటా ఒకసారి కొత్త కనెక్టరు వేయించడం మంచిది.

ఇంకొక హెచ్చరిక అనుభవం మీద చెబుతున్నాను. పెరటిలోని విడి గదికి మేము కొబ్బరిచెట్ల మీదుగా రాగి కేబులు లాగాము. మే నెలలో ఒక సాయంత్రం దగ్గరలో పిడుగు పడి, ఆ కేబులు గుండా వచ్చిన పోటుకు స్విచ్, రెండు కంప్యూటర్ల లాన్ పోర్టులు కాలిపోయాయి. ఆరుబయట ఒక కట్టడం నుంచి మరొక కట్టడానికి రాగి తీగ వేయకండి. రెండు మీడియా కన్వర్టర్లు (రాగి తీగ సంకేతాన్ని ఫైబరుకు మార్చే పెట్టెలు) పెట్టి మధ్యలో, లోహపు తీగ లేని ఫైబరు వేస్తే, అది విద్యుత్తును మోయదు కాబట్టి ఆ ప్రమాదం ఉండదు. లోహపు దన్ను లేని ఫైబరే కావాలని లైన్‌మన్‌కు ముందే చెప్పాలి.

కేబులు వల్ల మరొక లాభం చాలామందికి తెలియదు. ఆటలు అమ్మే స్టీమ్‌లో 2023 నుంచి, ఇంట్లో ఒక కంప్యూటరులో ఉన్న ఆటను మరొక కంప్యూటరు ఇంటర్నెట్టును తాకకుండా నేరుగా తెచ్చుకోవచ్చు. 60 గిగాబైట్ల ఆటను 40 ఎంబీపీఎస్ మీద దించుకోవడానికి 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. గిగాబిట్ కేబులు మీద పక్క కంప్యూటరు నుంచి పది, పదిహేను నిమిషాలు. ముగ్గురు పిల్లలూ అదే ఆట ఆడే ఇంట్లో ఇది నెలవారీ డేటా పరిమితిని కూడా కాపాడుతుంది.

రెండవ మార్గం: ఒక్క రౌటరు, వై-ఫై

ఖర్చు లేదు, గోడకు రంధ్రం లేదు, అందుకే అందరూ మొదట ఇక్కడే ఆగుతారు. వై-ఫైలో ఒక చానెల్ మీద ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడగలదని గుర్తుంచుకోవాలి. ఫోన్లు పెరిగేకొద్దీ వంతు కోసం నిరీక్షణ పెరుగుతుంది. వై-ఫై వాడే రేడియో పట్టీలలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానెళ్లు 1, 6, 11 మూడే కాబట్టి, రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో అపార్టుమెంటులో ఉండేవారికి ఆ పట్టీ ఎప్పుడూ రద్దీగానే ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలం గాని గోడలను బాగా దాటలేదు. మండువా లోగిలి గోడల వంటి మందపు గోడ ఒక్కటి అడ్డం వచ్చినా బలం బాగా తగ్గిపోతుంది. ఆట కంప్యూటరు, రౌటరు ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వై-ఫై మీద నిశ్చింతగా ఆడుకోవచ్చు. రెండు గోడల అవతల ఉంటే వద్దు. రౌటరును ఇనుప బీరువా మీద, టీవీ వెనుక పెట్టడం మా వైపు సర్వసాధారణం. దానిని గది మధ్యకు, మనిషి ఎత్తుకు తెచ్చినందువల్లనే తేడా తెలుస్తుంది.

మూడవ మార్గం: రిపీటరు, మెష్, రెండవ రౌటరు

వీటిని ఒకే గాటన కట్టకూడదు. ఒకే రేడియో గల చవక రిపీటరు ప్రతి ప్యాకెట్టునూ విని మళ్లీ అదే చానెల్ మీద చెబుతుంది కనుక వేగం సగమై ఆలస్యం పెరుగుతుంది. ఆటకు దీనిని కొనవద్దనే చెబుతాను. ఇంట్లో అక్కడక్కడ పెట్టి ఒకే వై-ఫైగా వాడే మెష్ పరికరాలలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి విడి రేడియో ఉన్నవి మెరుగు, ధర కూడా అందుకు తగినట్లే ఉంటుంది. వీటన్నిటికన్నా నాకు నచ్చినది పాత రౌటరును యాక్సెస్ పాయింట్‌గా (చిరునామా మార్పిడి చేయకుండా వై-ఫై, పోర్టులు మాత్రమే ఇచ్చే పెట్టెగా) మార్చి, మొదటి రౌటరు నుంచి ఒక్క కేబులు దానికి లాగడం. మేడ మీద గదికి ఒక్క కేబులు చేరితే చాలు, అక్కడి ఆట కంప్యూటర్లను ఆ పాత రౌటరు వెనుక పోర్టులకే కలపవచ్చు, ఫోన్లు దాని వై-ఫై వాడుకుంటాయి. యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టకుండా అలాగే కలిపితే మాత్రం చిరునామా మార్పిడి రెండుసార్లు జరిగి, ఆటలో న్యాట్ స్ట్రిక్ట్ (ఇతర ఆటగాళ్లతో కలవడం కష్టమన్న గుర్తు) అని కనబడుతుంది. ఓఎన్‌టీ వెనుక సొంత రౌటరు పెట్టుకున్నవారికీ ఇదే చిక్కు. అక్కడ ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (చిరునామా మార్పిడి చేయకుండా) పెట్టమని ఆపరేటరును అడగాలి.

నాలుగవ మార్గం: కరెంటు తీగల మీదుగా

గోడ ప్లగ్గులలో పెట్టే పవర్‌లైన్ అడాప్టర్లు ఇంటి వైరింగు మీదుగానే డేటా పంపుతాయి. ఇన్వర్టరు, వేర్వేరు ఫేజులు, పాత వైరింగు వీటికి ఆటంకాలు. మన ఇళ్లలో ఈ మూడూ సాధారణం కాబట్టి, తిరిగి ఇచ్చే వీలుంటే తప్ప సలహా ఇవ్వలేను.

ఐదవ మార్గం: ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి

రౌటరు లేకుండా ఒక కంప్యూటరుకు వచ్చిన ఇంటర్నెట్టును మరొకదానికి పంచే సదుపాయం విండోస్‌లో 1999 నాటి విండోస్ 98 రెండవ ఎడిషన్ నుంచీ ఉంది. విండోస్ 10, 11లలో మొబైల్ హాట్‌స్పాట్ ద్వారా ఎనిమిది పరికరాలకు పంచవచ్చు. కేబులుతో పంచితే రెండవ కంప్యూటరుకు 192.168.137తో మొదలయ్యే చిరునామా వస్తుంది. పంచే కంప్యూటరు ఎప్పుడూ వెలిగే ఉండాలి. అది నిద్రలోకి జారినా, అప్‌డేట్ కోసం తిరిగి మొదలైనా, రెండవ ఆటగాడు ఆట మధ్యలో బయటపడతాడు. పైగా చిరునామా మార్పిడి మరొకసారి జరుగుతుంది. హాస్టలు గదిలో ఒక్క కేబులే వచ్చే విద్యార్థులకు, రౌటరు చెడిపోయిన రాత్రికి ఇది ఆధారం. స్థిరమైన ఏర్పాటుగా మాత్రం పనికిరాదు.

ఫోను హాట్‌స్పాట్ సంగతి ఇక్కడే చెప్పవచ్చు. ఈదురుగాలికి కొమ్మ విరిగి ఫైబరు తెగిన రోజున అది అక్కరకు వస్తుంది. 5జీ బలంగా ఉన్న చోట పింగ్ కూడా బాగుండవచ్చు. అయితే టవరు రద్దీని బట్టి ఊగుతుంది కనుక పోటీ ఆటలకు దానిని నమ్ముకోలేము.

అన్నిటినీ పక్కపక్కన పెడితే

| మార్గం | ఇంటి లోపలి ఆలస్యం | నిలకడ | శ్రమ, ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|
| కేబులు, స్విచ్ | 1 మి.సె. లోపు | చాలా మంచిది | కేబులు వేసే శ్రమ. ఖర్చు తక్కువ | సొంత ఇంటివారికి |
| 5 గిగాహెర్ట్జ్ వై-ఫై | కొద్ది మి.సె. | ఒకే గదిలో మంచిది | లేదు | అద్దె ఇంటివారికి |
| 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై | పదుల మి.సె. వరకు ఊగుతుంది | బలహీనం | లేదు | ఫోన్లకు మాత్రమే |
| కేబులుతో రెండవ రౌటరు | దాదాపు కేబులుతో సమానం | మంచిది | ఒక కేబులు, పాత రౌటరు | మేడ ఇళ్లవారికి |
| రిపీటరు | ఎక్కువ | బలహీనం | తక్కువ | ఆటకు తగదు |
| కంప్యూటరు ద్వారా పంపకం | తక్కువే | పంచే యంత్రాన్ని బట్టి | లేదు | హాస్టలు గదులకు |

ఏ మార్గమైనా క్యూను సరిచేయాలి

పట్టికలో కనబడని సంగతి ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. కేబులు వేసినంత మాత్రాన రేవు దగ్గర లారీల వెనుక నిలబడడం తప్పదు. రేవు వరకు వేగంగా చేరుతాము, అంతే. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ప్రతిపాదించిన కోడెల్ పద్ధతి, దాని మీద నిర్మించి 2018లో ప్రయోగాత్మక పద్ధతిగా ప్రచురితమైన ఎఫ్‌క్యూ-కోడెల్, ఆ తరవాతి కేక్, ఇవన్నీ చేసే పని ఒకటే: లారీల బారు పేరుకోకుండా చూడడం, మధ్యలో సైకిళ్లను పంటు ఎక్కనివ్వడం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లలో ఎస్‌క్యూఎం అనే పేరుతో ఇది దొరుకుతుంది, కొన్ని కంపెనీల రౌటర్లలోనూ ఉంటుంది. పెట్టుకునేటప్పుడు, పరీక్షలో వచ్చిన వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెట్టాలి. ఆ పది శాతాన్ని వదులుకోవడం పిల్లలకు మొదట నష్టంగా తోచింది. క్యూ ఆపరేటరు పెట్టెలో కాక మన రౌటరులో ఉండాలంటే అది తప్పదు. మా ఇంట్లో అప్‌లోడు సమయంలో 300 దాటే పింగ్ దీనితో 45 దగ్గర నిలిచింది. కేక్ ఒక్కొక్క పరికరానికీ సమాన వాటా ఇవ్వగలదు కాబట్టి, ఒకరి డౌన్‌లోడు మరొకరి ఆటను తినేయదు. చవక రౌటర్ల ప్రాసెసరు వందల ఎంబీపీఎస్ దగ్గర ఈ లెక్కలకు చాలదు. 100 ఎంబీపీఎస్ లోపు ప్లాను ఉన్నవారికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇటువంటి రౌటరు కొనలేనివారు కనీసం ఫోన్లలో ఫొటో బ్యాకప్‌ను, కంప్యూటర్లలో అప్‌డేట్లను తెల్లవారుజామున జరిగేలా పెట్టుకోవచ్చు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఇంట్లో ఒకరే ఆడుతూ, ఒకరు ఇంటి నుంచి ఉద్యోగం చేస్తుంటే, ఆ రెండు కంప్యూటర్లకూ కేబులు వేసి, ఎస్‌క్యూఎం ఉన్న రౌటరు కొనండి. మిగిలినవారిని వై-ఫై మీద వదిలేయవచ్చు. ప్లాను పెంచే డబ్బు ఏడాదిలో ఆ రౌటరు ధరకు సమానం కావచ్చు. ముగ్గురు నలుగురు ఒకే ఆట ఆడే ఇంట్లో స్విచ్ తప్పనిసరి. అక్కడ రౌటరులో యూపీఎన్‌పీ, అంటే ఆటలు తమకు కావలసిన పోర్టును తామే తెరిపించుకునే సదుపాయం, తెరిచి ఉంచాలి. ఇక్కడ పోర్టు అంటే కేబులు పెట్టే రంధ్రం కాదు, ఆట రాకపోకలకు వాడే అంకె. ఒక పోర్టును చేతితో ఒక్క కంప్యూటరుకే మళ్లించగలము, ఎక్స్‌బాక్స్ నెట్‌వర్క్ వాడే 3074 అందుకు ఉదాహరణ. యూపీఎన్‌పీ ఉంటే ఆట అనుమతించిన మేరకు రెండవ కంప్యూటరు వేరే పోర్టు తీసుకుంటుంది. అద్దె ఇంట్లో గోడ తొలవడానికి యజమాని ఒప్పుకోకపోతే, గడప పక్కగా పరిచే చదునైన కేబులును పరిశీలించండి, అదీ కుదరకపోతే రౌటరునే ఆట గదిలోకి మార్పించుకోండి. ఆపరేటరు మనిషి వచ్చి ఫైబరు జరపడం గంట పని.

లంక గ్రామాలలో, విసిరేసినట్లున్న పెద్ద ఇళ్లలో ఉండేవారు కరెంటు గురించి ముందు ఆలోచించాలి. కంప్యూటరు ఇన్వర్టరు మీద నడుస్తున్నా ఓఎన్‌టీ, రౌటరు, స్విచ్ ఈ మూడింటిలో ఒక్కటి ఆరిపోయినా ఆట పోతుంది, ఇన్వర్టరు మీదకు మారే క్షణంలో రౌటరు తిరిగి మొదలైతే ఆ రెండు నిమిషాలూ పోతాయి. ఇవి చాలావరకు 12 వోల్టుల మీద నడిచే చిన్న పరికరాలు కాబట్టి, అడాప్టరు మీది వోల్టేజి, ఆంపియర్లు సరిచూసి చిన్న డీసీ యూపీఎస్ ఒకటి పెడితే గంటల తరబడి నిలుస్తాయి. ఉరుములు మొదలైనప్పుడు మాత్రం ఆటను ఆపించి ప్లగ్గులు తీయించండి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు పెద్దవాళ్లు చెప్పకముందే మేనల్లుడే చేస్తున్నాడు.